కొండకు కారు ప్రయాణం - ఇల్లాలి వంతు



మాది తిరుచానూరు. అలమేలుమంగాపురం అంటే మీలో చాలామందికి ఇంకా బాగా తెలుస్తుంది. మా వీధిలో కూర్చుంటే దేశంలోని బండ్లన్నీ కంటికి కనబడతాయి. మద్రాసు వైపు నుంచి, బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుతూనే వచ్చి దిగుతారు. పద్మసరోవరంలో కాళ్లు కడుక్కుంటారు, అమ్మవారి దర్శనం చేసుకుంటారు, వెంటనే బండి ఎక్కి "ఇక కొండకు పద" అంటారు. పిల్లలు నిద్ర కళ్లతో వుంటారు. డ్రైవరు కళ్లు చింతనిప్పుల్లా వుంటాయి. ఆ ఇల్లాలి చేతిలో పూల బుట్ట, టెంకాయ, పసుపు కుంకుమ అన్నీ సిద్ధంగా వుంటాయి. బండి సంగతి మాత్రం ఆమె అడగదు. అది మగవాళ్ల పని కదా అనుకుంటుంది.

నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఆ తప్పు ఎట్లా తెలిసివచ్చిందో చెప్పడానికే ఈవేళ మీ ముందుకు వచ్చాను. అంతకంటె ముందు ఆ దారి ఎలాంటిదో చూద్దాం. దారి తెలిస్తే జాగ్రత్త దానంతట అదే అర్థమవుతుంది.

తిరుమలకు పూర్వం కాలినడకనే పోయేవారు, చేతకానివారిని డోలీల్లో మోసేవారు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దానికి రూపకల్పన చేశారని చెబుతారు. పొడుగు సుమారు 19 కిలోమీటర్లు, అందులో 36 మెలిక మలుపులు. ముప్ఫై ఏళ్లపాటు ఎక్కే బండీ, దిగే బండీ ఆ ఒక్క దారినే ఎదురెదురుగా తప్పుకుంటూ నడిచాయి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఆ బెంగ తీరింది. ఇప్పుడు రెండో రోడ్డున ఎక్కుతాం, మొదటి రోడ్డున దిగుతాం. ఎక్కే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. దానికి పెద్ద మలుపులు ఆరే. కాని ఆ ఆరూ చివరి రెండు కిలోమీటర్లలోనే వున్నాయి. అంటే చాలాదూరం సాఫీగా వచ్చాం కదా అని ధీమా కలిగేసరికి అసలు పరీక్ష మొదలవుతుందన్నమాట.

ఇన్ని మలుపులు ఎందుకు అని మా చిన్నమ్మాయి ఒకసారి అడిగింది. నేను చీర కుచ్చిళ్లు చూపించాను. ఆరు గజాల చీరను మూరెడు నడుము దగ్గర ఇమడ్చాలంటే మడత మీద మడత వేస్తాం కదా. కొండ దారీ అంతే. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్ల పైచిలుకు ఎత్తున వుంది. తిరుపతి వూరు 160 మీటర్ల దగ్గర వుంది. దాదాపు 700 మీటర్లు పైకి పోవాలి. శ్రీవారి మెట్టు దారిలో రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 2388 మెట్లు ఎక్కి ఈ పని ముగిస్తాం, మోకాళ్లు మొర పెడతాయి. కారుకు మెట్లు లేవు కాబట్టి అదే ఎత్తును 18 కిలోమీటర్ల పొడుగున పరిచారు. లెక్క వేస్తే సగటున ఇరవైఆరు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు. కొన్నిచోట్ల ఇంతకంటె తక్కువ, కొన్నిచోట్ల బాగా ఎక్కువ.

ఇక నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందటి మాట. మా అత్తగారి మొక్కు తీర్చుకుని కొండ దిగుతున్నాం. మా మరిది బండి నడుపుతున్నాడు. బండి మాది కాదు, తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చుకున్నది. ముందు సీట్లో మావారు, వెనక నేను, అత్తగారు, పిల్లలు ఇద్దరు. డిక్కీ నిండా సామాను. దిగేటప్పుడు పెట్రోలు ఎందుకు దండగ అని మా మరిది గేరు తీసేసి, బండిని దానంతట అది జారనిచ్చి, మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ వస్తున్నాడు. పది పన్నెండు మలుపులు దాటేసరికి ఏదో కాలిన వాసన నాకు తగిలింది. చెప్పాలా వద్దా అనుకున్నాను. కారు గురించి నాకేం తెలుసు, చెబితే నవ్వుతారేమో అని వూరుకున్నాను. కాసేపటికి అత్తగారే అన్నారు, "ఒరే నాయనా, ఏదో మాడు వాసన వస్తా వుంది చూడరా" అని. "అడివిలో ఎవరో మంట పెట్టుంటారులే అమ్మా" అన్నాడు వాడు.

ఆ తర్వాతి మలుపులో బ్రేకు కింద దాకా పోయింది, బండి ఆగలేదు. మా మరిది నిబ్బరం కోల్పోకుండా చిన్న గేరులో వేసి, చేతి బ్రేకు లాగుతూ, బండిని లోయ వైపు కాకుండా కొండ వైపు కాలువలోకి దించాడు. ముందు చక్రం కాలువలో పడి బండి ఆగింది. పెద్దమ్మాయి నుదురు బొప్పి కట్టింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలను చెరొక పక్కా పట్టుకుని దిగి నిలబడి, అవతలి వైపు చూశాను. పిట్టగోడ అవతల చెట్ల తలలు కనబడుతున్నాయి. నేను వాసన పసిగట్టిన చోటి నుంచి అక్కడికి నాలుగు మలుపులు. ఆ నాలుగు మలుపులూ నోరు మూసుకుని కూర్చున్నాను గదా అన్న తలపు ఇప్పటికీ నన్ను వదలలేదు.

తర్వాత ఒక ముసలి మెకానిక్కు మాకు సంగతి విడమరిచి చెప్పాడు. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే వేడి పుడుతుంది కదమ్మా, బ్రేకూ అంతే అన్నాడు. బ్రేకు అంటే రాపిడి, రాపిడి అంటే వేడి. మైదానంలో ఒకసారి తొక్కి వదిలితే గాలికి చల్లారిపోతుంది. దిగుడు దారిలో ఎడతెరిపి లేకుండా తొక్కితే పొయ్యిమీద మరచిపోయిన పెనంలా కాలిపోతుంది. అంత వేడిలో బ్రేకు బిళ్లలకు పట్టు తప్పుతుంది. బ్రేకు నూనె కూడా మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు కాలు తొక్కినా ఆ బలమంతా బుడగలు నొక్కడానికే పోతుంది గాని చక్రం దాకా చేరదు. బ్రేకు కిందికి పోవడమంటే అదే.

దీనికి మందు పాత డ్రైవర్లు ఏనాడో చెప్పారు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. చిన్న గేరులో వుంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి వుంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది. గేర్లు వాటంతట అవే మారే కార్లలో కూడా దిగుడుకు చిన్న గేరు పెట్టుకునే వీలు వుంటుంది. బయలుదేరకముందే దాన్ని తెలుసుకోమనండి. పెట్రోలు మిగులుతుందనే మాట కూడా భ్రమే. ఈ కాలపు కార్లలో గేరులో వుండి యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీస్తే ఇంజనుకు పెట్రోలు దానంతట అదే ఆగిపోతుంది. గేరు తీసేస్తేనే ఇంజను వూరకే తిరగడానికి పెట్రోలు తాగుతుంది. ఇక ఇంజనే ఆపేసి జారడమంటే మరీ ప్రమాదం. బ్రేకు, స్టీరింగు రెండూ బిగుసుకుపోతాయి.

2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీవారు మన కొండకు కరెంటు బస్సులు నడుపుతున్నారు. వాటిలో తమాషా ఏమంటే, దిగేటప్పుడు మోటారే బస్సును పట్టి ఆపుతూ, ఆ బలాన్ని తిరిగి కరెంటుగా మార్చి బ్యాటరీలో వేసుకుంటుంది. మన బ్రేకులు వేడి రూపంలో గాలికి వదిలేసేదాన్ని అది డబ్బాలో దాచుకుంటుంది. పొదుపు అంటే అదీ.

దేవస్థానంవారు పైకి పోయే బండి 28 నిమిషాలకు, కిందికి వచ్చే బండి 40 నిమిషాలకు తక్కువ కాకుండా ప్రయాణం చేయాలని నియమం పెట్టారు. అంతకంటె త్వరగా చేరితే జరిమానా. ఎక్కడానికి తక్కువ సమయం, దిగడానికి ఎక్కువా అని ఆశ్చర్యం వేస్తుంది. లెక్క చూస్తే ఎక్కేటప్పుడు గంటకు 38 కిలోమీటర్లు, దిగేటప్పుడు 28 కిలోమీటర్లు పడుతుంది. దిగేటప్పుడే నెమ్మది కావాలి. కారణం ఇప్పుడు మీకు తెలుసు.

ఇక ప్రయాణానికి ముందురోజు ఏం చేయాలో చూద్దాం.

ఇంటి బండి అయినా, అద్దె బండి అయినా, మొహమాట పడకుండా అయిదు ప్రశ్నలు అడగండి. బ్రేకులు ఎప్పుడు చూపించారు? బ్రేకు నూనె, రేడియేటరు నీళ్లు సరిగా వున్నాయా? టైర్లు అరిగి నున్నబడ్డాయా, స్టెపినీలో గాలి వుందా? ఇంతకుముందు ఘాట్ రోడ్డు మీద నడిపారా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు? ఈ అయిదో ప్రశ్నే అన్నిటికంటె ముఖ్యం. బెంగుళూరు నుంచి 250 కిలోమీటర్లు రాత్రంతా నడిపి వచ్చిన మనిషిని, ముఖం కడుక్కోగానే కొండ ఎక్కించడం న్యాయం కాదు. కింద మూడు నాలుగు గంటలు పడుకోనివ్వండి. ఆ సమయంలో మీరు మా అమ్మవారి దర్శనం, కపిలతీర్థం చూసుకోవచ్చు. మనం భోజనానికి కూర్చున్నప్పుడు డ్రైవరుకూ విస్తరి వేయండి. ఆరు ప్రాణాలు అతని చేతిలో వుంటాయి.

2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. అది ముందే అద్దానికి అతికించుకుని, అందులో డబ్బు వుందో లేదో చూసుకోండి. అలిపిరిలో బండినీ సామానునూ తనిఖీ చేస్తారు. సిగరెట్లు, సారాయి, మాంసం కొండమీదికి తీసుకుపోరాదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు కూడా నిషేధం వుంది. మన పాత మరచెంబు తీసి తోమిపెట్టుకోండి, లేదా స్టీలు సీసా. సెలవు రోజుల్లో, బ్రహ్మోత్సవాల్లో తనిఖీ దగ్గరే చాలాసేపు పట్టవచ్చు. గరుడసేవ నాడు ద్విచక్ర వాహనాలను ఘాట్ రోడ్డు మీదికి వదలరు. అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు రోడ్డు మూసివుంచుతారు. ఈ వేళలు అప్పుడప్పుడు మారుతూ వుంటాయి కాబట్టి బయలుదేరేముందు కనుక్కోవడం మంచిది.

ఏ కాలం మంచిది అంటారా? మా చిత్తూరు సీమలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలివానలు ఎక్కువ. కొండంతా పచ్చగా, వాగులు పారుతూ చూడ ముచ్చటగా వుంటుంది. కాని రాళ్లు జారేదీ అప్పుడే. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది. వాయుగుండం వార్త విన్నప్పుడు ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకుంటే స్వామి కోప్పడడు. వాన వెలిసిన మర్నాడు కాకుండా, రెండు మూడు రోజులు ఎండ కాసిన తర్వాత తెల్లవారుజామున పొండి. మంచు పట్టి వుంటే తక్కువ వెలుగు లైటు వేసుకుని నెమ్మదిగా పోవాలి. పెద్ద లైటు వేస్తే మంచు మీద పడి మన కళ్లకే కొడుతుంది.

ఇక పిల్లల వాంతులు. ఇది ప్రతి తల్లికీ తలనొప్పే. మలుపుల్లో శరీరం వూగుతున్నదని చెవిలోపలి భాగం చెబుతుంది. కళ్లేమో ముందున్న సీటును చూస్తూ ఏమీ కదలడం లేదంటాయి. ఈ తగవు తీర్చలేక మెదడు కడుపుమీద పడుతుంది. అందుచేత పిల్లలకు ఫోను, పుస్తకం ఇవ్వకండి. అద్దంలోంచి దూరంగా కనబడే కొండను చూడమనండి. కిటికీ కొంచెం దించండి. బయలుదేరేముందు కడుపు పూర్తిగా మాడ్చవద్దు, పూరీలూ బజ్జీలూ పెట్టవద్దు. రెండు ఇడ్లీలు, లేదా గుప్పెడు బొరుగులు చాలు. అల్లం ముక్క, నిమ్మకాయ దగ్గర వుంచుకోండి. మాత్ర వేయవలసిన పిల్లలకు డాక్టరును అడిగి, బండి ఎక్కడానికి అరగంట ముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేస్తే ఫలం లేదు. ఆ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి, డ్రైవరు మాత్రం పొరపాటున కూడా వేసుకోకూడదు. ప్లాస్టిక్ కవర్లకు బదులు మూత వున్న పాత డబ్బా ఒకటి, నాలుగు మడతల కాగితం, తడిగుడ్డ పెట్టుకోండి. చెవులు దిబ్బడ పడితే గుటకలు మింగమనండి. చంకపిల్లలకు పాలు పట్టండి.

సామాను సర్దడం మన పనే కాబట్టి ఒక మాట. బరువైనవి కింద, తేలికైనవి పైన పెట్టండి. కారు నెత్తిన మూటలు కట్టకండి. డ్రైవరు కాళ్ల దగ్గరికి చెంబో, టెంకాయో దొర్లిపోకుండా చూడండి. బ్రేకు కింద టెంకాయ ఇరుక్కుంటే దానికంటె అపాయం వేరొకటి లేదు.

దారిలో ఆగి ఫోటో తీసుకోవాలని అందరికీ సరదా. మలుపుల్లోనూ, పిట్టగోడల పక్కనా బండి ఆపవద్దు. దిగే దారిలో కొంతదూరం నడిచే భక్తుల దారీ రోడ్డూ కలిసి పోతాయి. పిల్లలను ఎత్తుకుని నడిచేవారు, మొక్కుకుని మోకాళ్ల మీద ఎక్కేవారు వుంటారు. వారిని చూసి హారను మోగించడం కాదు, వేగం తగ్గించాలి. కోతులకు తిండి పెట్టవద్దు. అవి రోడ్డుకు అలవాటు పడి చక్రాల కింద పడుతున్నాయి. ఇది శేషాచలం అడివి అని మరవకండి. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుతపులి బారిన పడి ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. పిల్లలను చీకటివేళ బండి దించి అవతలికి పంపకండి.

బండిలోంచి చూడదగినవి కొల్లలు. ఎర్రచందనం చెట్లు ఈ కొండల సొత్తు. మరొక విశేషం చాలామందికి తెలియదు. ఘాట్ రోడ్డు వెంట కొండను తొలిచిన చోట అడుగున గ్రానైటు రాయి, దానిమీద పొరలు పొరలుగా మరొక రాయి కనబడతాయి. ఆ రెండు రాళ్లు పుట్టిన కాలాల మధ్య కోట్లాది సంవత్సరాల ఎడం వుంది. ఆ మధ్య కాలపు పొరలు అసలు లేవు, పుస్తకంలో పేజీలు చింపినట్టు. భూగర్భశాస్త్రజ్ఞులు దీన్ని జాతీయ స్మారకంగా గుర్తించారు. పైన శిలాతోరణం ఎలాగూ చూస్తారు. ఈ రాళ్లను కూడా పిల్లలకు చూపించండి, బడిలో చెప్పనిది తెలుస్తుంది.

దారిలో ఇంజను కాగి ఆవిరి వస్తే భయపడకండి. ఏ.సి. ఆపించి, రోడ్డు వెడల్పుగా వున్నచోట పక్కకు తీయించండి. రేడియేటరు మూత వెంటనే తీయనివ్వకండి. కుక్కరు మూత ఆవిరి పోకుండా తీస్తే ఏమవుతుందో మనకు చెప్పనక్కరలేదు. బ్రేకులు కాగితే నీళ్లు పోయకుండా అరగంట ఆగండి. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, మళ్లీ బయలుదేరేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన పడేయండి. రోడ్డు మీద వదిలేస్తే చీకట్లో మరొకరి స్కూటరుకు అవి మృత్యువవుతాయి.

తిరుమల అయ్యాక కొందరు హార్సిలీ కొండలకు కూడా పోతారు. మదనపల్లె దగ్గర 4000 అడుగుల పైన చల్లటి చోటు. తిరుపతి నుంచి ఆ వైపు పోయే దారిలో భాకరాపేట ఘాట్ వస్తుంది. అక్కడ మన తిరుమలలోలా పోయేదారీ వచ్చేదారీ వేరువేరు కావు. దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న పెళ్లివారి బస్సు రాత్రివేళ ఆ ఘాట్‌లో లోయలో పడింది. ఆడవాళ్లు, పిల్లలతో సహా ఎందరో చనిపోయారు. ఆ వార్త విన్ననాడు నేను అన్నం ముట్టలేదు. బస్సులో ఎవరైనా "కొంచెం నెమ్మదిగా పోనివ్వండి" అన్నారో, అనాలనుకుని వూరుకున్నారో అని మనసు అక్కడే తిరిగింది.

అందుకే చివరగా నేను చెప్పేది ఇదే. బండి నడపడం మీకు రాకపోవచ్చు. నాకూ రాదు. కాని మాడు వాసన పసిగట్టడంలో మనకంటె నేర్పరులు ఎవరున్నారు? పక్కింటి పొయ్యిమీద పాలు పొంగితే మనకు తెలుస్తుంది. వాసన వచ్చినా, డ్రైవరు ఆవలించినా, వేగం ఎక్కువైందనిపించినా "ఒక్క నిమిషం ఆపండి" అనండి. కసిరితే కసరనివ్వండి. నవ్వితే నవ్వనివ్వండి. మావారు ఇప్పుడు కొండ దిగేముందు వెనక్కి తిరిగి, "ఏమోయ్, పోనియ్యమంటావా?" అని నన్ను అడుగుతారు. మా మరిదేమో "వదిన ముక్కు మా బండికి అయిదో చక్రం" అని హాస్యమాడతాడు. ఆడనివ్వండి. అందరం క్షేమంగా ఇల్లు చేరుతున్నాం, నాకు అది చాలు.